మిరపలో శనగపచ్చ పురుగు చావడం లేదంటే దాని జన్యువుల్లో ఏం జరిగినట్టు?

దర్శి దగ్గర సాగర్ కాలువ కింద మూడెకరాల్లో మిరప వేసిన ఒక యువ రైతు అడిగిన ప్రశ్న ఇది. నాటిన యాభై రోజుల నుంచి ఇప్పటికి ఆరుసార్లు మందు కొట్టారు. అయినా కాయ తొలిచే పచ్చ పురుగు చావడం లేదు. దుకాణంలో అడిగితే "పురుగు మందుకు అలవాటు పడింది, డోసు పెంచండి" అన్నారు. వ్యవసాయ కళాశాలలో చదివే బంధువేమో "అది జన్యువుల వల్ల వచ్చే నిరోధకత" అన్నాడు. ఇందులో ఏది నిజం, డోసు పెంచితే పోతుందా అని ఆయన అడుగుతున్నారు.

బాబూ, మీ బంధువు చెప్పిందే నిజం. అయితే ఆ మాటను కూడా చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మందు తగలడం వల్ల పురుగు జన్యువు మారిందని అనుకుంటారు. అలా మారదు. ఈ ఒక్క విషయం స్పష్టంగా తెలిస్తే తర్వాత ఏ మందు కొనాలో, ఏది కొనకూడదో మీకు మీరే నిర్ణయించుకోగలరు. నేను ముప్పై రెండేళ్లు కీటక శాస్త్రంలో పని చేశాను. అందులో ఎక్కువ కాలం ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి, మిరప, శనగ చేలలోనే గడిచింది. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు మీరు రాసిన ఆరు మందుల జాబితా చూద్దాం. సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్, ఎమామెక్టిన్ బెంజోయేట్, ఫ్లూబెండియమైడ్, క్లోరాంట్రానిలిప్రోల్, చివరగా క్లోరాంట్రానిలిప్రోల్, లామ్డా సైహలోత్రిన్ కలిసిన మిశ్రమం. డబ్బాలు ఆరు, పేర్లు ఆరు, కంపెనీలు కూడా నాలుగైదు ఉండవచ్చు. మీరు మందు మార్చి మార్చి కొట్టాననే అనుకున్నారు. కానీ మొదటి రెండూ పైరెత్రాయిడ్లు అనే ఒకే వర్గం మందులు. ఆరో దానిలో సగం కూడా పైరెత్రాయిడే. నాలుగు, ఐదు డయమైడ్లు అనే ఇంకో వర్గం, ఆరో దానిలో మిగతా సగమూ డయమైడే. అంటే పురుగు ఒకే రకం దెబ్బను మూడుసార్లు, ఇంకో రకం దెబ్బను మూడుసార్లు తిన్నది. పూర్తిగా వేరే దారిలో తగిలింది ఒక్క ఎమామెక్టిన్ మాత్రమే. ఇందులో మీ తప్పు లేదు. డబ్బా మీద కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపల ఉన్న మందు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది ఏ వర్గానికి చెందుతుందో చెప్పేవారు దాదాపు ఉండరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సంకర విత్తనాలు రాకముందు మీ తాతగారు మిరప విత్తనం ఎలా తీసేవారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కల్లంలో పోసిన కాయల్లోంచి రంగు, పొడవు, ఘాటు ఉన్న కాయలు ఏరి విడిగా మూట కట్టేవారు. మరుసటి ఏడు ఆ విత్తనమే నాటేవారు. ఆయన ఏ కాయకూ రంగు అద్దలేదు. ఉన్నవాటిలోంచి తనకు నచ్చినవాటిని ఏరుకున్నారు, అంతే. కొన్నేళ్లకు చేనంతా ఆ రకం కాయే కాసేది. మందు ట్యాంకు వీపున వేసుకుని మీరు సాళ్లలో నడిచినప్పుడు పురుగుల్లో జరిగింది కూడా సరిగ్గా ఇదే. మందుకు నిలిచే జన్యువు ఉన్న పురుగులు ఆ మందు తయారు కాకముందు నుంచే, వేలల్లో ఒకటిగానో లక్షల్లో ఒకటిగానో ఉన్నాయి. జన్యువును నకలు తీసుకునేటప్పుడు ప్రకృతిలో అప్పుడప్పుడు జరిగే పొరపాట్లలో అది ఒకటి. మందు లేనంత కాలం ఆ పొరపాటుకు విలువ లేదు. మీ పిచికారీ మిగతావాటిని తీసేసి, ఆ ఒక్కదాన్ని విత్తనానికి ఉంచింది.

ఇది ఎంత వేగంగా జరుగుతుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. ఇవి కొలిచిన అంకెలు కావు, విషయం అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. మీ చేలో 10,000 పురుగులు ఉన్నాయనుకుందాం. అందులో 10 పురుగులకు ఆ జన్యువు ఒక నకలు ఉంది. ప్రతి పురుగుకూ ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మొత్తం రెండు నకళ్లుగా వస్తుంది. మీ మందు మామూలు పురుగుల్లో నూటికి 99 చంపుతుంది, జన్యువు ఉన్నవాటిలో పదికి నాలుగు చంపుతుంది అనుకోండి. మందు కొట్టాక మామూలువి 100 మిగులుతాయి, జన్యువు ఉన్నవి 6 మిగులుతాయి. చేను చూస్తే శుభ్రంగా ఉంటుంది, మందు బ్రహ్మాండంగా పని చేసిందని మీరు సంతోషిస్తారు. ఆ 106 పురుగులు రెక్కల పురుగులై జత కట్టి గుడ్లు పెడతాయి. తర్వాతి తరంలో మళ్లీ 10,000 ఉంటే, జన్యువు ఉన్నవి ఇప్పుడు 560 దాకా ఉంటాయి. మళ్లీ అదే వర్గం మందు కొడితే మామూలువి 94, జన్యువు ఉన్నవి 336 బతుకుతాయి. మూడో తరం వచ్చేసరికి నూటికి అరవైకి పైగా పురుగుల్లో ఆ జన్యువు ఉంటుంది. మన వేడికి శనగపచ్చ పురుగుకు నెల, నెలా పదిరోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. ఒక ఆడ పురుగు వందల సంఖ్యలో, ఒక్కోసారి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. మిరప మీ చేలో నిలిచే కాలంలో నాలుగైదు తరాలు సులువుగా గడుస్తాయి. బయటి చేల నుంచి మామూలు పురుగులు వచ్చి కలుస్తుంటాయి కాబట్టి నిజంగా ఇంత వేగంగా జరగదు. కానీ చుట్టుపక్కల అందరూ అదే మందు కొడుతుంటే, వచ్చి కలిసేవీ అలాంటివే అవుతాయి.

దుకాణంలో చెప్పిన డోసు మాట ఇక్కడే తేల్చేస్తాను. రెట్టింపు కొడితే, రెండు నకళ్లూ నిరోధకతవే ఉన్న పురుగు అప్పటికీ చావదు. ఒక్క నకలు ఉన్నది చావవచ్చు. కానీ గుబురుగా పెరిగిన మిరప తోటలో పై ఆకుకు పడినంత మందు లోపలి కాయకు పడదు. పడినది కూడా వారం తిరిగేసరికి సగానికి దిగుతుంది. అంటే చేలో ఎక్కడో ఒకచోట బలహీనమైన డోసు ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. పెంచిన మందు వల్ల చచ్చేది చేనుకు మేలు చేసే అక్షింతల పురుగులు, సాలీళ్లు, పరాన్నజీవి కందిరీగలు. మిగిలేది మీ కాయలో మందు అవశేషం. దయచేసి పెంచవద్దు.

ఇక ఆ జన్యువు ఏం చేస్తుంది? ప్రధానంగా రెండు రకాలు. మందు వెళ్లి తగలవలసిన చోటును మార్చేవి ఒక రకం, మందు అక్కడికి చేరకముందే ముక్కలు చేసేవి రెండో రకం. చర్మం మందంగా మారి మందును లోపలికి తక్కువగా రానిచ్చే రకం కూడా ఉంది గానీ, ఒంటరిగా దాని బలం తక్కువ.

పైరెత్రాయిడ్ సంగతి తీసుకుందాం. పురుగు నాడుల్లో సోడియం వెళ్లే ద్వారాలు ఉంటాయి. రెప్పపాటులో తెరుచుకుని మూసుకుంటేనే నాడి సక్రమంగా సంకేతం పంపుతుంది. పైరెత్రాయిడ్ ఆ ద్వారాన్ని మూసుకోనివ్వకుండా పట్టుకుంటుంది. నాడి ఆగకుండా కొట్టుకుంటుంది, పురుగు వణికి కింద పడుతుంది. ఆ ద్వారం ఒక ప్రోటీను, అంటే జన్యువు చెప్పిన వరసలో కూర్చిన దాదాపు రెండు వేల అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 1014వ స్థానంలో ల్యూసీన్ అనే ఆమ్లం ఉండవలసిన చోట ఫినైల్ అలనీన్ వస్తే మందు అక్కడ సరిగా కుదరదు. జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు. ఈ మార్పు మొదట ఇంటి ఈగల్లో బయటపడింది, తర్వాత దోమల్లో, క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ పురుగులో కూడా విస్తారంగా కనిపించింది. డీడీటీ కూడా ఆ ద్వారం మీదే పని చేస్తుంది కాబట్టి, ఈ మార్పు ఉన్న పురుగుకు డీడీటీ మీద కూడా నిరోధకత ఉంటుంది.

మీ చేలో ఉన్నది పచ్చగా, పక్కల చారలతో, తల కాయలోపల పెట్టి ఒళ్లు బయట ఉంచి తింటోందని రాశారు. అది శనగపచ్చ పురుగే. లద్దె పురుగైతే పగలు ఎక్కువగా మట్టిలో, ఆకుల చాటున దాక్కుంటుంది, దాని గుడ్లు నూగు కప్పిన ముద్దగా ఆకు అడుగున ఉంటాయి. శనగపచ్చ పురుగులో పైరెత్రాయిడ్ నిరోధకతకు ప్రధాన కారణం రెండో రకం, అంటే మందును ముక్కలు చేసే ఎంజైములు. వాటిలో ముఖ్యమైన కుటుంబం పేరు సైటోక్రోమ్ పీ450. ఈ పురుగు మొత్తం జన్యు పటం 2017లో ప్రచురితమైంది. అందులో పీ450 జన్యువులే నూటికి పైగా ఉన్నాయి.

ఆ నూటిలో ఒకదాని కథ చెప్పకుండా ఉండలేను. నేను చదివినవాటిలో ఇంత ఆశ్చర్యపరిచినది మరొకటి లేదు. ఈ పురుగులో సీవైపీ337బీ1, సీవైపీ337బీ2 అని పక్కపక్కనే రెండు జన్యువులు ఉన్నాయి. రెండూ దాదాపు కవలలు. వీర్యకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోముల జత తమ ముక్కలను మార్చుకుంటాయి. ఆ సమయంలో కవలల్లో ఒకదాని ఎదుట రెండోది పొరపాటున నిలబడితే, ముందు సగం ఒకదానిది, వెనుక సగం మరొకదానిది అయిన కొత్త జన్యువు పుడుతుంది. దాని పేరు సీవైపీ337బీ3. రెక్కల పురుగుల్లో ఆడవాటిలో ఈ ముక్కల మార్పిడి జరగదు, కాబట్టి ఇది మగ పురుగులోనే జరిగి ఉండాలి. పాత రెండు జన్యువులకూ లేని శక్తి ఈ అతుకుల జన్యువుకు వచ్చింది. అది ఫెన్‌వలరేట్ అనే పైరెత్రాయిడ్ అణువుకు ఒకచోట ఆక్సిజన్ తగిలించి విషాన్ని నిర్వీర్యం చేస్తుంది. ఆస్ట్రేలియా పురుగుల్లో దీని వల్ల 42 రెట్ల నిరోధకత వచ్చిందని 2012లో తేలింది. తర్వాత వెతికితే ఇలాంటి అతుకు లోకంలో ఒక్కసారి కాదు, వేర్వేరుగా పలుమార్లు పడిందని బయటపడింది. 2013లో ఈ పురుగు బ్రెజిల్‌లో కనిపించింది. అక్కడ తన దాయాది అయిన అమెరికా కాయతొలుచు పురుగుతో జత కట్టి, ఈ జన్యువును దానికి కూడా అందించింది. ఒక మందును విచక్షణ లేకుండా వాడితే దాని ఫలితం జాతి సరిహద్దును కూడా దాటుతుందని అప్పుడు మాకు అర్థమైంది.

పీ450లు మాత్రమే కాదు, ఎస్టరేజులనే మరో ఎంజైముల గుంపు కూడా ఉంది. అవి పైరెత్రాయిడ్‌ను పట్టుకుని కదలకుండా బంధిస్తాయి. ఎంజైము ఆకారమే మారనక్కరలేదు, సంఖ్య పెరిగినా చాలు. జన్యువుకు ముందు ఉండే మీట కొంచెం ఎక్కువ తెరుచుకుంటే, లేదా ఆ జన్యువే రెండు మూడు నకళ్లుగా పెరిగితే, ఎంజైము పదింతలు తయారవుతుంది. పది మంది కూలీలు రావలసిన కోతకు వంద మంది వచ్చినట్టు, మందు నాడిని చేరేలోపే పని అయిపోతుంది. ఇక్కడ ప్రమాదం ఏమిటంటే, ఈ కూలీలు ఒక్క పంటే కోయరు. ఒక వర్గం మందు కోసం పెరిగిన ఎంజైము, ఎప్పుడూ కొట్టని ఇంకో వర్గం మందును కూడా ముక్కలు చేయగలదు. కొత్తగా వచ్చిన మందు మొదటి ఏడాదే సరిగా పని చేయలేదని రైతులు చెప్పినప్పుడు దుకాణాల వాళ్లు నమ్మరు. నేను నమ్ముతాను.

ఈ పురుగుకు ఇన్ని ఎంజైములు ఎందుకున్నాయి? మందుల కోసం రాలేదు. పత్తిలో గాసిపాల్, మిరపలో ఘాటు పదార్థం, పొగాకులో నికోటిన్, శనగ ఆకు మీద పులుపు, టమాటాలో మరొకటి. మన జిల్లాలో పండే ప్రతి పంటకూ తన విషం తనకుంది. ఆ పంటలన్నీ తిని బతికే పురుగు కాబట్టి, ఈ విషాలను అరిగించుకునే సాధనాలు లక్షల ఏళ్లుగా పోగు చేసుకుంది. మనం తయారు చేసిన మందు దానికి ఇంకో ఆకు విషం లాంటిదే. దుకాణదారు మాటలో ఉన్న కొద్దిపాటి నిజం కూడా ఇక్కడే ఉంది. గాసిపాల్ ఉన్న ఆకు తింటే పురుగులో ఒక పీ450 తయారీ పెరుగుతుంది, ఆ ఆకు మానేస్తే తగ్గుతుంది. తక్కువ డోసు మందు తగిలినా కొన్ని ఎంజైములు ఇలా తాత్కాలికంగా పెరుగుతాయి. దీన్ని అలవాటు అనవచ్చు. కానీ మీ తోటలో ఆరు మందులకు నిలిచిన పురుగును దానితో వివరించలేం. తరం తర్వాత తరానికి దిగి వచ్చేది జన్యువే.

డయమైడ్ల విషయం మీకు ఎక్కువ అవసరం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. పురుగు కండరంలో కాల్షియం నిల్వ ఉండే గది, దానికి రయనొడిన్ గ్రాహకం అనే తలుపు ఉంటాయి. డయమైడ్ ఆ తలుపును తెరిచి ఉంచుతుంది. కాల్షియమంతా బయటికి వచ్చి కండరం బిగుసుకుపోతుంది. పురుగు గంటల్లోనే తినడం మానేస్తుంది, చావడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. ఈ వర్గం మన దేశంలోకి 2007 ప్రాంతంలో ఫ్లూబెండియమైడ్‌తో వచ్చింది. 2012 నాటికే ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ క్యాబేజీ చేలలో డైమండ్ బ్యాక్ పురుగు దీనికి లొంగలేదు. కారణం వెతికితే, ఐదు వేలకు పైగా అమైనో ఆమ్లాలున్న ఆ తలుపులో 4946వ స్థానంలో గ్లైసీన్ పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చింది. మళ్లీ ఒక్క అక్షరమే. తర్వాత టమాటా ఆకు తొలిచే పురుగులోనూ ఇలాంటి మార్పులు దొరికాయి. ఈ వర్గంలో పేర్లు ఎన్ని ఉన్నా, సయాంట్రానిలిప్రోల్‌తో సహా, తగిలే చోటు అదే తలుపు. అందుకే ఫ్లూబెండియమైడ్ పని చేయలేదని క్లోరాంట్రానిలిప్రోల్‌కు మారడం మందు మార్చినట్టు కాదు.

ఇక్కడ మిరప రైతులు గమనించని విషయం ఇంకొకటి ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరప తోటలను నాశనం చేసినప్పటి నుంచి, తామర పురుగుల కోసం స్పైనటోరమ్, సయాంట్రానిలిప్రోల్ లాంటివి విరివిగా కొడుతున్నారు. అప్పుడు మీ దృష్టి పూవులో ఉన్న తామర పురుగు మీద ఉంటుంది. కానీ పక్క కొమ్మ మీద ఉన్న చిన్న పచ్చ పురుగుకు కూడా ఆ మందు తగులుతుంది. మీరు లెక్కలో రాసుకోకపోయినా, దాని తరాల ఎంపిక అక్కడ కూడా జరుగుతూనే ఉంటుంది. కాబట్టి తామర పురుగుకు కొట్టినవి కూడా కలిపి లెక్క రాయండి.

1987-88 సీజన్ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. 1980ల మొదట్లో పైరెత్రాయిడ్లు వచ్చినప్పుడు పత్తి రైతులు వాటిని అద్భుతంగా చూశారు. కొద్ది మందుతో చేను తేటపడేది. నాలుగైదేళ్లు అందరూ అదే కొట్టారు. ఆ సీజన్‌లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ చావలేదు. ఆ పురుగులను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు పైరెత్రాయిడ్లకు గట్టి నిరోధకత ఉన్నట్టు తేలింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నారు. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఒక రైతు పత్తి కాయ చీల్చి, పురుగును నా అరచేతిలో పెట్టి, "నిన్న సాయంత్రం మందు కొట్టిన చేను ఇది, చూడండి" అన్నాడు. ఆ పురుగు నా చేతి మీద తీరిగ్గా పాకింది. నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఇన్నేళ్లయినా ఆ స్పర్శ నాకు గుర్తుంది. ఇప్పుడు మీకు ఇంత వివరంగా రాయడానికి అదే కారణం.

మరోచోట జరిగింది కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎమరాల్డ్ అనే పత్తి ప్రాంతంలో 1983 జనవరిలో ఇదే పురుగు పైరెత్రాయిడ్లకు లొంగడం మానేసింది. అక్కడి రైతులు, శాస్త్రవేత్తలు కూర్చుని, పంట కాలంలో ఒక నిర్ణీత గడువులో మాత్రమే పైరెత్రాయిడ్ కొట్టాలని, మిగతా కాలంలో ఎవరూ ముట్టకూడదని నియమం పెట్టుకున్నారు. నిరోధకత పూర్తిగా ఆగలేదు. కానీ మందు ఒక్కసారిగా కుప్పకూలకుండా కొన్నేళ్లు పని చేసింది. అంత మాత్రం వ్యవధి దొరికినా మన దగ్గర ఎన్నో కుటుంబాలు నిలబడేవి.

పత్తిలో గులాబీ రంగు పురుగుది కూడా ఇదే సూత్రం, మందు మాత్రం మొక్కలోనే ఉంది. బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, రెండు విష ప్రోటీన్లున్నది 2006లో వచ్చింది. వాటిలో మొదట వచ్చిన ప్రోటీను పురుగు పేగు గోడ మీద క్యాడ్హెరిన్ అనే గ్రాహకానికి అంటుకుని రంధ్రం చేస్తుంది. క్యాడ్హెరిన్ జన్యువు చెడిపోయిన పురుగులో అంటుకునే చోటే ఉండదు. ఇది అంతర్గత లక్షణం, అంటే రెండు నకళ్లూ చెడితేనే పురుగు బతుకుతుంది. అందుకే చుట్టూ ఆశ్రయ పంటగా మామూలు పత్తి వేయమన్నారు. అక్కడ పెరిగిన మామూలు రెక్కల పురుగు నిరోధక పురుగుతో జత కడితే, పిల్లలకు ఒక్క నకలే వచ్చి బీటీకి చస్తాయి. 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు ఇచ్చిన 120 గ్రాముల మామూలు విత్తనాన్ని మనలో ఎందరు నాటారు? గట్ల మీద పారేసినవాళ్లను, అసలు విప్పనివాళ్లను నేను చూశాను. పైగా మన విత్తనం సంకరం కావడంతో, ఒకే కాయలోని గింజల్లో కొన్నింటిలో విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గింజ తినే ఈ పురుగుకు అది నిరోధకత నేర్పే బడి లాంటిది. అమెరికాలోని అరిజోనాలో ఆశ్రయ పంట నియమం పాటించారు, ఆ తర్వాత వంధ్య పురుగులను వదిలారు. 2018లో అక్కడి పత్తి ప్రాంతాల నుంచి ఈ పురుగు పోయిందని ప్రకటించారు. అదే పురుగు, అదే జన్యువులు.

నిరాశ పడకండి. జన్యువుల లెక్క మనకు అనుకూలంగా కూడా తిరుగుతుంది. ఇండాక్సాకార్బ్ డబ్బాలో ఉన్నప్పుడు పూర్తి విషం కాదు. పురుగు లోపల ఎస్టరేజులు దాన్ని కత్తిరించాకే అసలు విషంగా మారుతుంది. పైరెత్రాయిడ్ తట్టుకోవడానికి ఎస్టరేజులు పెంచుకున్న పురుగు, ఇండాక్సాకార్బ్‌ను మరింత వేగంగా విషంగా మార్చుకుని తానే చస్తుంది. ఆస్ట్రేలియా శనగపచ్చ పురుగుల్లో 2003లో దీన్ని చూపించారు. క్లోర్‌ఫెనాపిర్ కూడా పురుగు లోపలి ఎంజైములు మార్చాకే విషమవుతుంది. ఇవి శాశ్వత ఆయుధాలు కావు, వీటికి కూడా నిరోధకత వస్తుంది. కానీ మూడు పైరెత్రాయిడ్లు, మూడు డయమైడ్లు కొట్టిన మీ చేలో తర్వాత కొట్టవలసింది నాలుగో డయమైడ్ కాదని ఇది చెబుతుంది.

ఈ సీజన్‌కు పైరెత్రాయిడ్లు, డయమైడ్లు రెండూ పూర్తిగా ఆపండి. పైరెత్రాయిడ్ అతిగా కొట్టిన తోటలో ఎర్రనల్లి పెరిగే ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడున్న తరం మీద ఇండాక్సాకార్బ్ లాంటి వేరే వర్గం ఒకటే, లేబుల్ మీద మిరపకు రాసిన మోతాదులో, పురుగు చిన్నగా ఉన్నప్పుడు కొట్టండి. వచ్చే నెల తరానికి అది కాకుండా ఇంకో వర్గం, ఉదాహరణకు నొవాల్యురాన్. అది గొంగళి చర్మం విడవకుండా చేస్తుంది, పెద్ద పురుగు మీద పని చేయదు. ఒక తరానికి ఒక వర్గం అన్న లెక్క పెట్టుకోండి, పిచికారీకి ఒక వర్గం అని కాదు. ఒకే తరం మీద వారంలో మూడు వర్గాలు కొడితే మూడింటికీ నిలిచేవాటిని ఏరినట్టు అవుతుంది. మధ్యలో ఈ పురుగుకు జబ్బు తెచ్చే ఎన్‌పీవీ వైరస్ ద్రావణం దొరికితే సాయంత్రం కొట్టండి, ఎండకు ఆ వైరస్ చెడిపోతుంది. 5 శాతం వేప గింజల కషాయం గుడ్లు పెట్టే దశలో పనికివస్తుంది. ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి, ఎప్పుడు రెక్కల పురుగులు పెరుగుతున్నాయో రాసుకోండి, అప్పుడే కొత్త తరం మొదలవుతుంది. మరుసటి ఏడు సాళ్ల మధ్య బంతి వేస్తే గుడ్లు అక్కడ పెడుతుంది, వాటిని ఏరివేయడం సులువు.

ఇవన్నీ మీరొక్కరే చేస్తే సగం ఫలితమే వస్తుంది. ఈ రెక్కల పురుగు రాత్రి గాలిలో ఎంతో దూరం ఎగురుతుంది. మీ మిరపలో బతికిన తల్లి నాగులుప్పలపాడు శనగలోనో, పొదిలి కందిలోనో గుడ్లు పెట్టవచ్చు. మీ కాలువ కింద ఉన్న పది పదిహేను మంది రైతులు ఒకచోట కూర్చుని, ఈ నెల ఏ వర్గం, వచ్చే నెల ఏ వర్గం అని మాట్లాడుకోగలిగితే అంతకన్నా మంచి మందు లేదు. ఇది చెప్పడం తేలికే, చేయడం కష్టమని నాకు తెలుసు. అయినా రచ్చబండ దగ్గర ఒకసారి ఎత్తి చూడండి.

ఇంతకీ మీ చేలో ఉన్నది నిజంగా నిరోధకతేనా, లేక మందు కల్తీదా, పురుగు పెద్దదైపోయాక కొట్టారా? దాన్ని మీరే తేల్చుకోవచ్చు. సన్న పురుగులు, వేలి గోరు కన్నా పొట్టివి, నలభై పట్టండి. ఒక్కోదాన్ని విడివిడిగా చిన్న ప్లాస్టిక్ గిన్నెలో ఉంచండి, రెండు కలిపితే ఒకదాన్నొకటి తినేస్తాయి. లేబుల్ మోతాదు ప్రకారం కలిపిన క్లోరాంట్రానిలిప్రోల్ నీళ్లలో మిరప ఆకులు పది సెకన్లు ముంచి, నీడలో ఆరబెట్టి, ఇరవై గిన్నెల్లో వేయండి. మిగతా ఇరవైలో మంచి నీళ్లలో ముంచిన ఆకులు వేయండి. చేతికి తొడుగులు వేసుకోండి, ఆ గిన్నెలు మళ్లీ వంటింటికి తీసుకురావద్దు. నాలుగో రోజు ఉదయం లెక్కపెట్టండి. కుంచెతో తాకితే కదలనివి చచ్చినట్టు. నీళ్ల గిన్నెల్లో దాదాపు అన్నీ బతికి, మందు గిన్నెల్లో దాదాపు అన్నీ చస్తే మందు బాగుంది, పిచికారీ తీరులో లోపముంది. మందు గిన్నెల్లో సగానికి పైగా బతికి ఆకు తింటుంటే, వేరే దుకాణంలో, బిల్లుతో కొన్న ఇంకో బ్యాచి డబ్బాతో ఒకసారి మళ్లీ చేయండి. రెండోసారి కూడా అదే కనిపిస్తే కారణం పురుగు జన్యువుల్లో ఉంది. అప్పుడు కొన్ని బతికిన పురుగులను దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికో, గుంటూరు లాం పరిశోధన కేంద్రానికో తీసుకెళ్లి చూపించండి. గిన్నెల్లో ఎన్ని బతికాయో, డబ్బా మీద బ్యాచి నంబరు, గడువు తేదీ ఏమున్నాయో నాకు రాయండి. వచ్చే తరానికి ఏ వర్గం మందు వాడాలో అవి చూసి చెబుతాను.